ఐదు నిమిషాల కాగితం

ఆ ఎండాకాలం మా కళ్ళాసుపత్రికి వచ్చినవాళ్ళలో ఒక్కరికి కూడా కన్నీళ్ళు తక్కువ లేవు. ఫైళ్ళు తీసి చూస్తే అలాగే ఉంటుంది. అందరికీ కుడికన్ను పదిహేను, ఎడమకన్ను పదహారు. లేదంటే కుడి పదహారు, ఎడమ పదిహేను. రెండు కళ్ళకీ ఒకే అంకె వేస్తే చూసేవాళ్ళకి అనుమానం వస్తుందని అటూ ఇటూ మార్చి రాసేవాళ్ళం. ఎవరూ నేర్పలేదు, మాకు మేమే నేర్చుకున్న తెలివి.

ఆ అంకెలు ఎక్కణ్ణుంచి రావాలో చెబుతాను. లేజరుతో కళ్ళజోడు వదిలించుకోవడానికి ఎవరొచ్చినా, ముందు ఒక సన్నటి కాగితపు ముక్కని కిందిరెప్ప లోపల తగిలించి, కళ్ళు మూసుకోమని ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. ఆ తర్వాత తీసి, కన్నీటితో ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూసి రాయాలి. పది దాటితే పరవాలేదు. ఐదు లోపుంటే ఆ కంటి జోలికి పోకూడదు, ముందు దానికి వైద్యం చెయ్యాలి. లేజరు చేసేటప్పుడు కంటి పైపొరలో సన్నటి నరాలు తెగుతాయి, కొన్నాళ్ళు ఎవరికైనా కన్నీరు తగ్గుతుంది. అసలే ఎండిన కన్నయితే ఇక చెప్పక్కర్లేదు. ఈ పరీక్షకి యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, పక్కన కూర్చునే ఓపిక ఉంటే చాలు. మా ఆసుపత్రిలో ఖరీదైన యంత్రాలన్నీ ఉండేవి. ఓపిక ఒక్కటే లేదు.

మా మేనేజరు నోట్లోంచి "పరీక్ష చెయ్యొద్దు" అన్నమాట ఏనాడూ రాలేదు. ఆయన అంత తెలివితక్కువవాడు కాదు. నా గది గుమ్మంలో నిలబడి గడియారం చూసేవాడు.

"బయట నలభైమంది ఉన్నారమ్మా. ఒక్కొక్కరికి ఐదేసి నిమిషాలు కాగితం పెట్టుకుని కూర్చుంటే అయ్యేపనేనా? అంతా ఇరవయ్యేళ్ళ పిల్లలు. వాళ్ళకి కన్నీళ్ళు లేకపోవడమేమిటి, అడిగితే బకెట్లు నింపుతారు" అని నవ్వేవాడు.

నేనూ నవ్వేదాన్ని. వేసవి తగ్గింపు అంటూ గోడల నిండా బొమ్మలు అతికించారు. ఒక అమ్మాయి కళ్ళజోడుని రెండు ముక్కలుగా విరుస్తూ ముప్ఫైరెండు పళ్ళూ బయటపెట్టి నవ్వుతుంటుంది. ఆ బొమ్మ కింద కూర్చుని పదిహేనులూ పదహారులూ రాశాను. అలా రాసి పంపించినవాళ్ళలో మా ఆడపడుచు ఒకతె.

మా ఆయన చెల్లెల్ని ఇంట్లో అందరం బుడ్డి అంటాం. ఏడో ఏటే సోడాబుడ్డి అద్దాలు పడ్డాయి, వాటితోపాటే పేరూ పడింది. సిటీ బస్సులో పన్నెండేళ్ళుగా కండక్టరు. అది ముందు మెట్టు మీద నిలబడి "వెనక్కి జరగండి" అందంటే, మన వెనకాల వచ్చే బస్సులోవాళ్ళు కూడా జరుగుతారని దానితో పనిచేసిన డ్రైవర్లు చెప్పుకునేవాళ్ళు. ఆ డ్రైవర్ల సీటు మీదే దాని కన్ను. పన్నెండేళ్ళుగా పక్కన నిలబడి గేర్లన్నీ కంఠతా పట్టేసింది. కండక్టర్లని డ్రైవర్లుగా తీసుకునే శిక్షణ మూడేళ్ళకోసారి పెడతారు. ముప్ఫై అయిదు దాటినవాళ్ళని తీసుకోరు. బుడ్డికి ముప్ఫైనాలుగు. కళ్ళజోడు పవరు ఇంతకి మించకూడదని ఇంకో రూలు. బుడ్డిది దానికి రెండింతలు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, సంచీ పక్కన పడేసి నా ఎదురుగా కూర్చుంది.

"వదినా, మీ ఆసుపత్రిలో పవరు తీసేస్తారటగా?"

"పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటావ్" అన్నాను, ఆ ఆసుపత్రి నేనే కట్టించినట్టు.

మా అత్తగారు వంటింట్లోంచే అందుకుంది. "కనిపిస్తూనే ఉందిగా! బాగున్న కాలికి కట్టు కడతారటే ఎవరైనా?"

"అత్తయ్యా, అక్కడ నేను లేనా? కంటికి రెప్పలా చూసుకోనూ?" అన్నాను.

ఈ మాట అన్నది నేనే. గుర్తొచ్చినప్పుడల్లా చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ సాయంత్రమే బుడ్డి జోడు తీసి, రెండు చేతులతో కళ్ళు నులుముకుంటూ, "పొద్దుగూకేసరికి మంటలు వదినా, ఎవరో ఇసక చల్లినట్టుంటుంది" అంది. తొమ్మిదేళ్ళుగా కళ్ళ పరీక్షలు చేసి బతుకుతున్నదాన్ని. ఆ ఒక్కమాట ఎవరైనా కొత్తవాళ్ళు అని ఉంటే కనీసం చెవులు రిక్కించేదాన్నేమో. మన ఇంటి మనిషి అనేసరికి, "బస్సు దుమ్ము" అన్నాను.

పరీక్షల రోజున దాన్ని వెనక గుమ్మంలోంచి తీసుకెళ్ళాను. హాల్లో గంటల తరబడి కూర్చున్నవాళ్ళని దాటించి, లైను తప్పించి, స్టాఫు మనిషని చెప్పి ఒక్కో గదీ చకచకా తిప్పేశాను. నా గదిలో కుర్చీలో కూర్చోబెట్టి చార్టు చదివించాను, యంత్రాల్లో చూశాను. కాగితం దగ్గరికి వచ్చేసరికి పెద్ద డాక్టరు భోజనానికి లేస్తున్నారని కబురొచ్చింది. ఆయన లేచేలోగా ఫైలు ఆయన బల్ల మీద పడాలి. కుడి పదిహేను, ఎడమ పదహారు అని రాసి, సంతకం గీకి, బుడ్డిని చెయ్యి పట్టుకుని పరిగెత్తించాను.

"అబ్బ, ఏం పలుకుబడే వదినా!" అని మురిసిపోయింది పిచ్చిది.

ఆపరేషన్ అయ్యాక మొదటి మూడు వారాలూ ఇంట్లో పండగే. దూరంగా బస్సు నంబరు కనబడితే చదివేది, ఎదురింటి డాబా మీద ఆరేసిన చొక్కాకి ఎన్ని గుండీలు ఊడాయో చెప్పేది. ఓ పొద్దున మా అత్తగారి మొహంలోకి వంగి చూసి, "అమ్మా, నీకు గడ్డం మీద రెండు వెంట్రుకలున్నాయే! ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదేం?" అంది. అత్తగారు చీపురు పుచ్చుకుంది. ఆసుపత్రివాళ్ళు చార్టు చదివించి, చివరి వరస గడగడా అప్పజెప్పగానే, డ్రైవింగుకి ఫిట్ అని ముద్రకొట్టి ఇచ్చారు. శిక్షణలో పేరు ఎక్కింది.

నాలుగో వారం నుంచి మొదలైంది. పొద్దున లేస్తే రెప్ప కంటికి అతుక్కుపోయి ఉండేది. వేళ్ళతో మెల్లగా విడదీస్తే తప్ప తెరుచుకోదు. తెరిచాక, అన్నయ్య సైకిళ్ళ కొట్లో ఉప్పుకాగితం ఉంటుంది చూడు, దానితో రుద్దినట్టుంది అనేది. గాలి తగిలితే మంట. అంచేత ఆ మండుటెండల్లో మా ఇంట్లో ఫ్యానులన్నీ ఆగిపోయాయి. మా ఆయన చెమటలు కక్కుతూ విసనకర్రతో విసురుకునేవాడు, అది కూడా చెల్లెలి వైపు గాలి వెళ్ళకుండా గోడ తిరిగి. మా అత్తగారు తడిగుడ్డలు మడిచి కళ్ళ మీద వేసేది. చుక్కమందు పావుగంటకోసారి. ఒకరోజు ఏదో మాట మీద తల్లీకూతుళ్ళు పోట్లాడుకుని, బుడ్డి బాగా ఏడ్చింది. ఏడుపు ఆపాక మొహం తుడుచుకుంటూ, "ఏడిస్తే కాసేపు హాయిగా ఉంది వదినా. రోజూ ఎవరితోనైనా తగువు పెట్టుకోవాలి కాబోలు" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు భయమేసింది.

పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మళ్ళీ చార్టే చదివించాడు. మళ్ళీ చివరి వరస అప్పజెప్పింది.

"ఇంతకంటే మంచి చూపు నాక్కూడా లేదు. బ్రహ్మాండమైన రిజల్టు" అన్నాడు.

"చూపు ఉంది డాక్టరుగారూ. కళ్ళు తెరిచి ఉంచలేకపోతున్నాను. మంట" అంది బుడ్డి.

"రెప్పలు ఆర్పుతుండాలి. మీరు ఆర్పడం మర్చిపోతున్నారు. మంట మంట అనుకుంటే మంటే ఉంటుంది. మనసు మళ్ళించుకోండి."

"చార్టు చదవడానికి అరనిమిషం చాలండి. నేను బస్సు ఎనిమిది గంటలు నడపాలి."

ఆయన అప్పటికే గంట కొట్టేశాడు, తర్వాతి మనిషి కోసం. ఆ కంటితుడుపు మాటలు విని బయటికొచ్చాం. నాకు ఒళ్ళు మండిపోయింది. మంట ఎవరికి ఉందో వాళ్ళకి, ఆ మంట లేదని చెప్పే హక్కు ఈ మనిషికి ఎవరిచ్చారు? కన్ను మీదుగా వెళ్ళి మనసు దాకా ఎలా చూశాడు? దారి పొడుగునా తిట్టాను. బుడ్డి నా భుజం పట్టుకుని, ఎండకి కళ్ళు మూసుకుని నడుస్తోంది. నాకంటే తలెత్తు పొడుగు మనిషి, పసిపిల్లలా నా వెనక.

తర్వాత వారం అది మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చేసింది. యూనిఫామ్‌తోనే గుమ్మంలో కూలబడింది. ఖాళీ బస్సు మీద శిక్షణ రెండో రోజు అది. పక్కన నేర్పే మాస్టారు. నాలుగు రోడ్ల కూడలి, ఎదురుగా వేడిగాలి.

"సిగ్నలు దీపం ఒకటి కాస్తా మూడయింది వదినా. రెప్ప ఆర్పితే ఒకటి. మళ్ళీ క్షణంలో మూడు. పక్కన సైకిలతను ఉన్నాడు. రెప్ప వేసి తీసేసరికి మసక. ఇంకోసారి వేసి తీస్తే బంపరు ముందున్నాడు."

"అయ్యో! తగిలిందా?"

"లేదు. తొక్కేశాను బ్రేకు. అతను నన్ను నానా తిట్లూ తిట్టి వెళ్ళాడు. తిట్టనీ, తిట్టే నోరు మిగిలింది. ఇంజను ఆపేసి తాళంచెవి మాస్టారి చేతిలో పెట్టాను. 'సార్, నాకు సరిగ్గా కనబడట్లేదు' అన్నాను. 'అదేమిటి, కాగితంలో ఫిట్ అని ఉందే' అంటాడు. 'మరి కాగితాన్నే నడపమనండి' అన్నాను."

మా అత్తగారు తల పట్టుకుంది. "కాస్త ఓర్చుకోకూడదుటే? నడపగా నడపగా అదే అలవాటవుతుంది. ఇన్నాళ్ళ కోరిక!"

"అమ్మా, వెనక అరవైమంది కూర్చుంటారే" అంది బుడ్డి.

డిపో పెద్దాయన మంచివాడే. ఆపరేషన్ తర్వాత కళ్ళు పొడిబారాయి, వైద్యం జరుగుతోంది అని ఉత్తరం తెస్తే, సీటు ఆర్నెల్లు ఆపుతానన్నాడట. కానీ ఆపరేషన్ చేసి ఫిట్ అని ఇచ్చిన ఆసుపత్రే ఆ ఉత్తరం రాయాలి. వేరేవాళ్ళు రాస్తే చెల్లదు. నెలాఖరు లోపల రాకపోతే పేరు కొట్టేస్తారు. తొమ్మిది రోజులున్నాయి.

"ఒక ఉత్తరమేగా! రేపే పట్టుకొస్తాను" అన్నాను.

మర్నాడు మేనేజరు గదికి నిప్పులు తొక్కినట్టు వెళ్ళాను. చెప్పాల్సిందంతా చెప్పాను. పైన తోచినవి కూడా చెప్పాను. ఆయన ఎంతో మర్యాదగా విన్నాడు. మంచినీళ్ళు తెప్పించాడు. బుడ్డి ఫైలు తెప్పించాడు.

"ఉత్తరానికేముందమ్మా, రాసేద్దుం. కానీ మొన్ననేగా ఫిట్ అని ముద్ర కొట్టాం. పొడికళ్ళు ఎక్కడున్నాయి? చూపు బ్రహ్మాండం. ఇదిగో, కన్నీళ్ళు కూడా నిండుగా ఉన్నాయి. కుడి పదిహేను, ఎడమ పదహారు. ఇది తప్పని ముందు ఎవరైనా రాయాలి. అప్పుడు మిగతాది ఆలోచించొచ్చు."

అని ఫైలు నా వైపు తిప్పాడు. అంకెల కింద సంతకం ఎవరిదో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. దొంగకి తేలు కుట్టినట్టయింది నా పని. మంచినీళ్ళు తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, నా గదికి వెళ్ళాను. బయట ముప్ఫై ఎనిమిదిమంది ఉన్నారు.

ఆ రోజు మధ్యాహ్నం దాకా కాగితం పెట్టకుండానే ఇంకో పదిమందికి రాశానని చెబితే మీరు నమ్మరు. రాశాను. చెయ్యి దానంతటదే రాసింది. పదకొండో మనిషి దగ్గర కలం ఆగింది, ఇక ముందుకి కదల్లేదు. తలనొప్పని చెప్పి ఇంటికొచ్చేశాను.

బుడ్డి వంటింట్లో గట్టు మీద కూర్చుని, కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని ఉంది. అది నన్ను చూడలేదు కాబట్టే చెప్పగలిగాననుకుంటాను.

"బుడ్డీ, ఆ రోజు నీకు ఒక పరీక్ష చెయ్యలేదు."

"ఏ పరీక్ష?"

చెప్పాను. కాగితం సంగతి, ఐదు నిమిషాల సంగతి, పదిహేను, పదహారు. గుడ్డ తియ్యకుండానే వింది.

"మరి ఆ అంకెలు ఎవరు రాశారు?"

"నేనే."

"ఎందుకు?"

"అందరికీ అలాగే రాస్తాం."

"నేను అందరిలో ఒకదాన్నా వదినా?"

బస్సంతా వినపడే గొంతు, పక్క గదికి కూడా వినపడనంత చిన్నగా వచ్చింది. "కాదు. నువ్వని ఇంకా తొందరగా పంపించాను" అన్నాను. నిజం అదే మరి.

గుడ్డ తీసింది. కళ్ళు ఎర్రగా, చింతనిప్పుల్లా ఉన్నాయి.

"కళ్ళు మండుతున్నాయని నీకు చెప్పాను. ఇదే ఇంట్లో."

"చెప్పావ్."

"ఆగు, ఇంకేమీ చెప్పకు. ఎవరి మీద ఎంత కోపం రావాలో లెక్క తేల్చుకోనీ. టిక్కెట్టు తీసుకోనివాళ్ళందర్నీ ఒకేసారి పట్టుకోలేం. ఆ మేనేజరు ఉన్నాడు, చదవకుండా సంతకం పెట్టే డాక్టరున్నాడు. అందరికంటే ముందు సీట్లో నువ్వున్నావ్."

మా అత్తగారు అంతా వింటూనే ఉంది. ఈవిడ నన్ను దులిపేస్తుందనుకున్నాను, దులిపితే బాగుండేదనిపించింది. నా వైపు చూడకుండా బుడ్డి చేతిలోని గుడ్డ తీసుకుని, మళ్ళీ తడిపి, పిండి, దాని చేతిలో పెట్టింది. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆవిడ నన్ను భోజనానికి పిలవకుండా తిన్నది ఆ ఒక్క పూటే.

మా ఆయన కొట్టు మూసి వచ్చి, సంగతి విని, చాలాసేపు తల గోక్కున్నాడు. "అంకె తప్పని నువ్వే రాసిస్తే నీ ఉద్యోగం పోతుందిగా?"

"అన్నయ్యా, నా సీటు గురించి దిగులా, వదిన ఉద్యోగం గురించా?" అంది బుడ్డి.

"రెండూనే" అన్నాడు, పాపం నిజాయితీగా.

"అయితే నువ్వు దిగులు పడుతూ ఉండు. వదినా, రేపు ఎన్నింటికి వెళ్ళాలి?"

మర్నాడు పొద్దున హాలు నిండకముందే దాన్ని నా గదిలో అదే కుర్చీలో కూర్చోబెట్టాను. తలుపు గడియ వేశాను. రెండు కాగితాలు మడిచి రెండు కళ్ళకీ తగిలించాను. కళ్ళు మూసుకోమన్నాను. గడియారం చూశాను. ఐదు నిమిషాలంటే ఎంతో నాకు ఆ రోజే తెలిసింది. రెండో నిమిషంలో ఎవరో తలుపు కొట్టారు. మూడో నిమిషంలో మేనేజరు గొంతు, "అమ్మా, ఏమిటి ఆలస్యం?" బుడ్డి మొహంలోకి చూస్తూ కూర్చున్నాను. అది కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి కూడా చిన్నగా తీస్తోంది. ఏ కాస్తయినా తడి పాకుతుందేమోనని ఆ కాగితాల అంచుల వైపే చూశాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తీసుకొచ్చింది ఈపాటి పనేనా అనిపించింది. ఒక్కసారి నాతో నేనే గట్టిగా పోట్లాడుకోవాలనిపించింది.

కుడి మూడు. ఎడమ రెండు.

ఫైలు తీసుకుని పాత అంకెల కింద కొత్తవి వేశాను. పక్కనే రాశాను: "పైన ఉన్న అంకెలు పరీక్ష చెయ్యకుండా నేను రాసినవి." తేదీ వేశాను. ఈసారి సంతకం గీకలేదు, అక్షరం అక్షరం పెట్టాను.

మేనేజరు అది చదివి, మర్యాద మర్చిపోయాడు. "బుద్ధుందా మీకు? ఈ పేజీ చింపేస్తే ఏమవుతుంది?" అని నిజంగానే చెయ్యి చాచాడు. బుడ్డి చెయ్యి ఆయనకంటే పొడుగు. ఫైలు తీసుకుని హాల్లోకి నడిచింది.

"అమ్మా, ఫైలు ఆసుపత్రిది! బయటికి తీసుకెళ్ళకూడదు!"

"బయటికి ఎందుకండీ, ఇక్కడే ఉంటాను" అంది. కళ్ళజోడు విరిచే అమ్మాయి బొమ్మ పక్కన నిలబడి, పన్నెండేళ్ళ కండక్టరు గొంతు ఎత్తింది.

"అందరూ ఒక్క నిమిషం! మీ ఫైళ్ళు తెరవండి. నాలుగో పేజీ. కన్నీళ్ళ పరీక్ష అని ఉంటుంది. కుడి, ఎడమ, ఎంతెంత రాశారో చూసుకోండి. మీలో ఎవరికైనా కంట్లో కాగితం పెట్టి ఐదు నిమిషాలు కూర్చోబెడితే చెయ్యెత్తండి!"

ఆ గొంతుకి ఎవరు ఆగుతారు? హాలంతా పేజీలు తిరిగిన చప్పుడు. మూలనుంచి ఒకతను, "నాకు పదిహేను, పదహారు" అన్నాడు. "నాకు పదహారు, పదిహేను" అంది పక్కావిడ. "నాదీ అంతే." "ఏ కాగితమండీ?" "మా అబ్బాయికి ఎల్లుండేనండీ ఆపరేషన్, ఇదేమిటి?" చెయ్యెత్తినవాళ్ళు ఒక్కరూ లేరు.

గోల విని పెద్ద డాక్టరు బయటికొచ్చాడు. విషయం అర్థం కావడానికి ఆయనకి ఎంతోసేపు పట్టలేదు. నాలుగో పేజీల కింద అన్నింటిమీదా ఆయన సంతకం కూడా ఉందిగా. నిలబడే ఉత్తరం రాశాడు: ఆపరేషన్ తర్వాత కళ్ళు పొడిబారాయి, వైద్యం జరుగుతోంది, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ చూడాలి. ముద్ర తనే కొట్టాడు. ఉత్తరం బుడ్డికిచ్చి నా వైపు తిరిగి, "మీరిక రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు. తప్పు దొరికిపోయినందుకు కోపం ఆయనకి. తప్పు జరిగినందుకు కాదు. ఆ తేడా ఆ మొహం మీద చూశాక నాకు ఉద్యోగం పోయిన బాధ సగం తగ్గింది.

డిపో పెద్దాయన మాట నిలబెట్టుకున్నాడు, సీటు ఆపాడు. వేరే ఊళ్ళో ఒక ముసలి డాక్టరమ్మ బుడ్డి కన్నీళ్ళు జారిపోకుండా రెప్పల చివరి కన్నాలకి చిన్న బిరడాలు పెట్టింది, మందులు మార్చింది. మెల్లగా, చాలా మెల్లగా నెమ్మదించింది. ఇప్పుడది పొద్దుటి షిఫ్టులో బస్సు నడుపుతోంది. సాయంత్రం షిఫ్టు ఇస్తామన్నా తీసుకోదు, జేబులో చుక్కమందు లేకుండా సీటెక్కదు. నాతో మాట్లాడ్డానికి దానికి పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు వచ్చి, "వదినా, తలనొప్పిగా ఉంది, కాస్త నూనె రాయి" అని నా ముందు కూర్చుంది. రాశాను. క్షమించావా అని అడగలేదు. అడిగే మొహం నాకు లేదు.

ఆసుపత్రిలో ఆ ఆఖరి రోజు సంగతి ఒకటి మిగిలిపోయింది. డాక్టరు లోపలికి వెళ్ళిపోయాక నా సంచీ తీసుకుని బయల్దేరుతుంటే, ఇరవయ్యేళ్ళ పిల్ల ఒకతె ఫైలు గుండెకి హత్తుకుని అడ్డం వచ్చింది.

"ఆంటీ, మీరు వెళ్ళిపోతే మరి నాకు ఆ కాగితం ఎవరు పెడతారు?"

"రేపట్నుంచి రావద్దన్నారు. ఇవాళ రావద్దనలేదుగా" అన్నాను. సంచీ మళ్ళీ మేకుకి తగిలించి కుర్చీ చూపించాను. అంతమంది చూస్తుండగా నన్ను లెమ్మనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. సాయంత్రం దాకా కూర్చున్నాను. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, నిండా ఐదు నిమిషాలు. పందొమ్మిదిమందికి పెట్టాను. అందులో ఐదుగురి కాగితాలు సరిగా తడవలేదు. ఆ ఐదుగురికీ ఇంటికెళ్ళి వైద్యం చేయించుకోండి, ఆపరేషన్ వద్దు అని చెప్పి పంపేశాను.

ఆ ఎండాకాలం నేను అంకెలు రాసి లోపలికి పంపించినవాళ్ళు రెండువందలకి పైమాటే. వాళ్ళు ఇప్పుడు ఏ ఊళ్ళో, ఏ గదిలో ఫ్యాను ఆపుకుని కూర్చున్నారో, ఏ డాక్టరు వాళ్ళకి మనసు మళ్ళించుకోమని చెబుతున్నాడో నాకు తెలియదు. అంతమందిలోనూ నిలదీయడానికి ఇంట్లోనే మనిషి దొరికింది మా బుడ్డి ఒక్కదానికే.